దేశాంతరమున అస్థి నిమజ్జనము

స్వగ్రామమున, స్వజనము నడుమ, నోట తులసితీర్థము పడుచుండగా దేహము చాలించుట భాగ్యమని పెద్దలు తలంచిరి. ఆ భాగ్యము అందరికి కలుగదు. నేడు తెలుగునాట అనేక గృహముల బిడ్డలు సముద్రముల కావల నున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులలో కొందరు అచ్చటనే పరమపదించుచున్నారు. అచ్చటనే స్థిరపడి వృద్ధులైనవారును కలరు. అట్టి సమయమున గృహస్థునకు కలుగు పెద్ద సంశయము దహనమును గూర్చినది కాదు. దహనమునకు ఏ దేశమందైనను ఏదో యొక ఏర్పాటు దొరకును. పిమ్మట చేతికి వచ్చిన అస్థులను ఏమి చేయవలెను? స్వదేశమునకు తేవలెనా? అచ్చటి నీటిలో కలుపవచ్చునా? కలిపినచో పోయిన జీవునకు లోటు కలుగునా? ఈ ప్రశ్నలకు తొందరపాటున చెప్పిన సమాధానముల వలన అన్నదమ్ముల నడుమ మాటలు లేకపోవుటయు, ముదుసలి తల్లి ఏండ్ల తరబడి లోలోపల కుములుటయు లోకమున కలదు. కావున శాస్త్రమేమి చెప్పినదో, పూర్వులెట్లు నడచిరో విచారింపవలసియున్నది.

దేశాంతరమున మరణించినవారి అస్థుల కథ మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. శ్రీమద్రామాయణ బాలకాండమందలి సగరపుత్రుల కథ సరిగా అదియే. అరువదివేలమంది యజ్ఞాశ్వమును వెదకుచు అయోధ్యను విడిచి, భూమిని త్రవ్వుకొనుచు రసాతలము చేరి, అచ్చట కపిలమహర్షి కోపాగ్నికి భస్మమైరి. సగరుని మనుమడగు అంశుమంతుడు వెదకుచు పోయి ఆ భస్మరాశిని చూచెను. ఉదకము విడువ నెంచి నీటికై నలుదెసల చూచెను, నీరు కానరాలేదు. మృతులకు మేనమామ యగు గరుత్మంతుడు అచ్చట కనబడి, వీరికి లౌకికజలము చాలదనియు, గంగాజలము కావలెననియు చెప్పి, గుఱ్ఱమును తీసికొని ఇంటికి పొమ్మనెను.

ఈ కథను విననివారు లేరు. కాని ఇందు రెండు సంగతులు వినువారి దృష్టికి తరచుగా రావు. అంశుమంతుడు ఆ భస్మమును మూటగట్టి గంగ కడకు మోసికొని పోలేదు. ఉన్నచోటనే విడిచి మరలెను. గంగయే ఆ భస్మమును వెదకికొని వచ్చినది. ఇక రెండవది కాలము. సగరుడు ఉపాయము కానకయే కాలధర్మము చెందెను. అంశుమంతుడు తపస్సు చేసి చేసి పోయెను. దిలీపుడు చింతతోనే పోయెను. భగీరథుని నాటికి గాని పని నెరవేరలేదు. అన్ని తరములు ఆ భస్మము పరదేశమున దిక్కులేక పడియుండెను. ఐనను ఆలస్యమైనది గనుక వారికి సద్గతి లేకపోయినదని వాల్మీకి చెప్పలేదు. గంగ తాకగానే వారి పాపము తొలగి స్వర్గము చేరిరనియే చెప్పెను. పదిదినములు దాటినవని భయపడి, సెలవు దొరకని కుమారుడు రాత్రింబవళ్ళు కుమిలిపోవు నేటి గృహములలో ఈ కథను ఈ కంటితో మరల చదువవలెను.

గంగ యన నేమి? వైష్ణవునకు ఆమె విష్ణుపది. త్రివిక్రముని పాదము నుండి పుట్టినది గనుకనే పావని. కోవెలలో శ్రీపాదతీర్థము చేత పోసినప్పుడు అది ఏ బావి నీరని ఎవ్వరును అడుగరు. పెరుమాళ్ళ సంబంధము కలిగినంతనే నీటి పుట్టుక మరుగున పడుచున్నది. నిత్యము స్నానసంకల్పమున గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి అను ఏడు నదులను చెంబెడు నీటిలోనికి ఆవాహన చేయు ఆచారమునకు మూలము ఈ విశ్వాసమే. మారుమూల పల్లెలో బావి యొద్ద ఫలించిన ఆవాహనము అమెరికాలోని నది యొద్ద ఫలింపదనుటకు ప్రమాణము లేదు.

అస్థులను నదిలో కలుపుటయే ఆదినుండి ఏకైక విధి యని పలువురు తలంతురు. అదియును సరికాదు. ఆశ్వలాయన గృహ్యసూత్రమున అస్థిసంచయన విధి స్పష్టముగా నున్నది. బొటనవ్రేలితోను ఉంగరపు వ్రేలితోను ఒక్కొక్క ఎముకను చప్పుడు కాకుండ ఎత్తి కుంభమున ఉంచవలెను. పాదముల ఎముకలు ముందు, శిరస్సు చివర. పిమ్మట ఆ కుంభమును వాననీరు తప్ప ఇతరజలము వచ్చి చేరని గోతిలో నిలిపి మట్టితో కప్పవలెను. అనగా సూత్రకాలమున అస్థులకు భూమియే నెలవు. నదిలో కలుపుట, అందును గంగలో కలుపుట, పురాణములందును, తరువాతి ధర్మశాస్త్ర నిబంధములందును ప్రశంసింపబడి నేటి ఆచారముగా స్థిరపడినది. ఆచారము బలమైనదే, దానిని కాదనుట తగదు. కాని పరదేశమున అస్థులు కొంతకాలము శుచియైన చోట నిలిచినచో మహాపాతకము జరిగినట్లు అలమటింప పనిలేదని ఈ సూత్రము వలన తెలియుచున్నది.

ఎముకను చప్పుడు కాకుండ ఎత్తవలెనన్న ఆ యొక్క మాటలో మృతుని యెడల ఎంత సుకుమారమైన గౌరవమున్నదో చూడుడు. విచిత్రమేమనగా జపానుదేశమున దహనానంతరము బంధువులు పుల్లలతో ఎముకలను ఏరి కుండలో ఉంచునప్పుడు పాదముల నుండి మొదలిడి శిరస్సుతో ముగింతురు. కుండలో మృతుడు తలక్రిందులు కారాదని వారి భావము. మన సూత్రకారుని ఆజ్ఞయును, అంతదూరపు బౌద్ధగృహములలోని ఆచారమును ఒక్క రీతిగా నుండుట ఆశ్చర్యమే.

పాశ్చాత్యదేశములలో ఈ సంచయనమునకు తావు దొరకుట కష్టము. అచ్చటి దహనశాలలలో గ్యాసు మంటతో దహనము జరిగిన పిమ్మట మిగిలిన ఎముకలను యంత్రమున పొడిచేసి, ఆ పొడిని డబ్బాలో పెట్టి బంధువులకు ఇత్తురు. పెద్దవారి విషయమున అది రెండు మూడు కిలోల బరువుండును. పొడి చేయకుండ ఇమ్మని ముందుగా అడిగినచో అంగీకరించు చోట్లును కలవు, అడుగుట మంచిది. అంగీకరింపకున్నచో ఆ పొడియే అస్థి యని భావించి మంత్రపూర్వకముగా ప్రోక్షించుట తప్ప మార్గాంతరము లేదు. యంత్రము చేసిన దానికి కర్త దోషి కాడు.

ఇక వైష్ణవ సిద్ధాంతము. గంగలో అస్థి ఎంతకాలముండునో అన్ని వేల సంవత్సరములు స్వర్గవాసమని పురాణములు ఫలము చెప్పినవి. ఆ ఫలము స్వర్గము కోరువారికి. ప్రపన్నుడు కోరునది స్వర్గము కాదు, పరమపదము. ఆచార్యుని ద్వారా శ్రీమన్నారాయణుని పాదములను శరణు చొచ్చిన నాడే వాని భారము స్వామిపై పడినది. కట్టెవలె, రాతివలె పడియుండి తలంపజాలని స్థితిలో నున్న భక్తుని తానే తలంతునని వరాహస్వామి భూదేవికి మాట యిచ్చెను. ఆ మాటలో ఈ దేశమున చచ్చినవానిని మాత్రమే యను నియమము లేదు.

దీనికి పెరియనంబి చరిత్రము కంటె స్పష్టమైన నిదర్శనము వేరొకటి కావలెనా? భగవద్రామానుజులకు పంచసంస్కారములు చేసిన ఆచార్యులు ఆయన. చోళరాజు సభలో కన్నులు కోల్పోయి, నూరేండ్లు దాటిన వృద్ధాప్యమున, కూరత్తాళ్వానుతోను, కుమార్తె అత్తుళాయితోను శ్రీరంగమునకు మరలి వచ్చుచు, తంజావూరు చేరువ పశుపతికోవిల్ అను గ్రామమున దేహబాధ ఎక్కువై ఆగిరి. శ్రీరంగము మరి దూరము లేదు, ఎట్లైనను అచ్చటికి చేర్తుమని వెంటనున్నవారు ప్రాధేయపడిరి. ఆయన సమ్మతింపలేదు. తాను శ్రీరంగమునకు పోయి దేహము విడిచినచో, ప్రపన్నుడు సైతము మోక్షమునకై క్షేత్రమును వెదకికొని పోవలెనేమో యని వెనుకటివారు శంకింతురని చెప్పి, ఆ దారిలోనే, కూరత్తాళ్వాను ఒడిలో తల యుంచి పరమపదించిరని గురుపరంపర చెప్పుచున్నది. శ్రీరంగనాథుని నిత్యము సేవించిన ఆచార్యుడు శ్రీరంగమును కాదనుకొని దారిప్రక్కన తనువు విడిచినది ముందుతరములవారి భయమును తీర్చుటకే. నేడు పరదేశపు వైద్యశాలలో తండ్రి కన్నుమూసినాడని ఏడ్చు వైష్ణవ గృహస్థుడు ఆ దయలో తనకును పాలున్నదని ఎరుగవలెను.

అట్లైన అస్థి నిమజ్జనము అక్కరలేదా? ఉన్నది. మోక్షము స్వామి ఇచ్చునది. సంస్కారము పుత్రుడు చేయవలసినది. ఒకటి ఉన్నది గనుక రెండవది వలదనుట పూర్వాచార్యుల మార్గము కాదు. జటాయువునకు మోక్షమిచ్చిన శ్రీరామచంద్రుడే కట్టెలు కూర్చి, చితి పేర్చి, గోదావరికి పోయి ఉదకదానము చేసెను గదా! అదియును వనవాసమున, స్వదేశమునకు దూరముగా. అంతకు ముందు తండ్రి మరణవార్త చిత్రకూటమున విన్నప్పుడును అంతే. సరయువునకు పోవలెనని కూర్చుండలేదు. చేరువనున్న మందాకినిలో దిగి, దక్షిణమునకు తిరిగి నీరు విడిచెను. బియ్యము లేవు గనుక గారపిండిలో రేగుపండ్లు కలిపి దర్భలపై పిండమునిచ్చెను. చక్రవర్తి కుమారుడు చక్రవర్తికి ఇచ్చిన పిండమది. పరదేశమున దర్భ దొరకలేదు, నల్లనువ్వులు దొరకలేదు, పురోహితుడు దొరకలేదని కర్మనే మానుకొనువారు ఆ ఘట్టమును పారాయణము చేయుట మేలు.

దేశాంతర మృతిని గూర్చి ధర్మశాస్త్రమున ప్రత్యేక ప్రకరణములే కలవు. 1612లో కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువును, దక్షిణమున ప్రమాణముగా నున్న వైద్యనాథ దీక్షితుల స్మృతిముక్తాఫలమును ఇట్టి సంశయములకు చూడదగినవి. తల్లిదండ్రుల మరణము దూరముననున్న కుమారునకు ఆలస్యముగా తెలిసినచో, విన్న దినము మొదలు పదిదినములు ఆశౌచము. దేహమే దొరకనిచో మోదుగ ఆకులతో మనుష్యాకారము చేసి దహించు విధియున్నది. దానికి 360 ఆకులు లెక్క. సముద్రమున మునిగినవారికి, అడవిలో తప్పిపోయినవారికి కూడ త్రోవ చూపిన శాస్త్రము, చేతిలో అస్థులుండగా కర్తను నిరాశపరచునా?

ఒక సంగతి తప్పక చెప్పవలెను. దశాహ కర్మలు అస్థి నిమజ్జనము కొరకు ఆగవు. నిమజ్జనము పదిదినములలో జరిగినచో శ్రేష్ఠము. జరుగకున్నచో దశాహము, ఏకోద్దిష్టము, సపిండీకరణము యథాకాలమున ముగించి, నిమజ్జనమును తరువాత చేయవచ్చును. కొందరు స్వదేశమునకు రాగల సెలవు కొరకు సమస్త కర్మలను నెలల తరబడి ఆపుచున్నారు. అది పొరపాటు.

పరదేశపు నీటిలో అస్థులు కలిపిన తెలుగువారు నేటి తరమున పుట్టినవారు కారు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. నాటి నుండి 1911 వరకు చెరకుతోటల కూలికి ఓడలెక్కి నేటాలుకు పోయినవారిలో తెలుగువారు వేలకొలది కలరు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా ఫిజీ ద్వీపములకు పోయిరి. రంగూనుకు పోయిన తెలుగువారికి కోరంగి రేవు పేరిట కోరంగీలనియే పేరు వచ్చినది. వారిలో మరల స్వదేశము చూడనివారెందరో. గోదావరీతీరమున పుట్టిన వారి అస్థులు గోదావరికి రాలేదు. ఓడలోనే ప్రాణములు విడిచినవారి దేహములకు చితియును లేదు, సముద్రమే గతి. వారందరు సద్గతికి దూరమైరని చెప్ప నోరాడునా? రామభజనము వదలక, ఉగాది మరువక, పరాయి నేలపై కోవెలలు కట్టుకొన్న జనము వారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని బ్రైటను పట్టణపు వైద్యశాలలలో గాయపడిన భారతసైనికులకు చికిత్స జరిగెను. అచ్చట మరణించిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను పట్టణము వెలుపలి కొండపై బహిరంగముగా చితి పేర్చి దహించి, భస్మమును సముద్రమున కలిపిరి. ఆ దహనస్థలమున పాలరాతి ఛత్రి నిర్మింపబడి 1921 ఫిబ్రవరి 1వ తేదీన ఆవిష్కరింపబడినది. నేటికిని అది అచ్చట నిలిచియున్నది.

మారిషస్ ద్వీపమున మరియొక రీతి. అచ్చటి కొండల నడుమ నున్న సరస్సునకు గంగాతలావు అని పేరు. 1972లో భారతదేశము నుండి గంగాజలమును తెచ్చి అందు కలిపి దానిని పుణ్యతీర్థముగా ప్రకటించిరి. లక్షలాది జనము శివరాత్రికి అచ్చటికి నడచి పోవుదురు. గంగను భస్మము కడకు రప్పించిన భగీరథుని పని ఒక తరమునకు పరిమితము కాదని ఇట్టివి చూచినప్పుడు తోచును.

ఇక నీటి నిర్ణయము. ప్రవాహజలము, అందును సముద్రగామి యగు నది శ్రేష్ఠము. సముద్రము సర్వనదుల నిలయము గనుక దానికి ఆక్షేపణయే లేదు. నిలువనీటి చెరువులు, ఉద్యానముల కొలనులు తగవు. విదేశములందలి కోవెలల పుష్కరిణులలోను, స్వదేశమున స్వామికి చక్రస్నానము జరుగు కోనేళ్ళలోను ఎట్టి పరిస్థితిలోను కలుపరాదు.

ఆయా దేశముల చట్టములను మన్నించుట కర్మాంగమే. అమెరికాలో సముద్రమున కలుపునప్పుడు తీరము నుండి కనీసము 3 నాటికల్ మైళ్ళ దూరము, అనగా సుమారు ఐదున్నర కిలోమీటర్లు, లోనికి పోవలెను. కలిపిన 30 దినములలో పర్యావరణ సంస్థకు తెలుపవలెను. నీట కుళ్ళని ప్లాస్టిక్ పూలదండలు వేయరాదు. నదులకును సరస్సులకును ఆయా రాష్ట్రముల నియమములు వేరు. ఇంగ్లండున నదిలో కలుపుటకు అనుమతిపత్రము అక్కరలేదు గాని, త్రాగునీరు తీసికొను చోటునకు ఎగువను ఒక కిలోమీటరు లోపల కలుపరాదు. అచ్చట లీస్టరు పట్టణ ప్రాంతమున సోర్ నదిలో పడవపై పోయి నిమజ్జనము చేయుట హిందువులకును సిక్కులకును ఆచారమైనది. సింగపూరున సెమకావు ద్వీపమునకు దక్షిణముగా 2.8 కిలోమీటర్ల దూరమున సముద్రమందు దీనికై స్థలము నిర్ణయించిరి. దొంగచాటుగా వంతెనపై నుండి కుమ్మరించి, ఎవరైన చూచుచున్నారేమో యని వెనుదిరిగి చూచుకొనుచు చేయు నిమజ్జనమున శ్రద్ధ యెక్కడ?

విధానమును గూర్చి నిబంధములు చెప్పిన దానిలో విదేశమున కూడ ఆచరింప వీలైన సొగసైన మార్గమొకటి కలదు. అస్థులను పంచగవ్యముతో ప్రోక్షించి, తేనె, నెయ్యి, నువ్వులు, రవ్వంత బంగారము చేర్చి, మెత్తని మట్టిముద్ద నడుమ ఉంచి, దక్షిణదిక్కును చూచుచు నీటిలో విడువవలెను. పాశ్చాత్యులు పొడిని గాలిలో చల్లుదురు. గాలి ఎదురు తిరిగినచో అది పడవలోని వారి ముఖములపై, వస్త్రములపై పడి దుఃఖసమయమున దుస్సహమగును. మట్టిముద్ద గాలికి ఎగురదు. నీట మునిగి మెల్లగా కరగును. జలమునకు హాని లేదు. పూర్వుల విధి నేటి పర్యావరణ నియమములకు సరిపడినది. పంచగవ్యము దొరకనిచో గోక్షీరముతో ప్రోక్షింపవచ్చును. ఇంటినుండి తెచ్చుకొన్న గంగాజలము ఉన్నచో కొన్ని చుక్కలు చేర్చవలెను.

సంకల్పమున దేశము పేరు చెప్పుటలో పురోహితుల నడుమ భేదమున్నది. అమెరికాలో నిలిచి భరతవర్షమునందున్నట్లు చెప్పుట అసత్యమగును గనుక కొందరు క్రౌంచద్వీపమని చెప్పుచున్నారు. ఆ భూగోళ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పండితులు తేల్చుకొందురు గాక! కర్తకు కావలసినది ఆ నదిని దాని పేరుతోనే పలికి, అందు విష్ణుపదిని ఆవాహన చేయుట.

ఇక స్వదేశమునకు తేవలెనను గృహముల మాట. గోదావరి మండలమునుండి దంపతులు అమెరికాలోని పెద్దకుమారుని కడకు ఆరునెలలకు పోయిరనుకొందము. నాల్గవ మాసమున భర్త పరమపదించెను. చిన్నకుమారుడు ఊరిలోనున్నాడు. పెద్దవాడు అచ్చటనే సముద్రమున కలుపుదమనును. చిన్నవాడు తండ్రి గోదావరి బిడ్డ యనును. ఇరువురి మాటకు శాస్త్రబలమున్నది. ఇట్టిచోట ఎవరి మాట నెగ్గవలెను? మృతుడు బ్రతికియుండగా కోరినది ఉన్నచో అదియే శిరోధార్యము. లేనిచో భార్య మాట. ఏబది ఏండ్లు ఆయనతో కూడి తిరువారాధనకు తులసి కోసిన ఆమె, గోదావరిలో కలుపుమని కోరినచో విమానపు ఖర్చు లెక్కింపరాదు. ఆమెకు అచ్చటనే సమ్మతమైనచో ఊరివారి నిందకు వెరవరాదు. అన్నదమ్ములు చెరిసగము పంచుకొని రెండు చోట్ల కలుపుటయు నిషిద్ధము కాదు. కాని వాదము తీరుటకు పంచుకొనుట వేరు, ప్రేమతో పంచుకొనుట వేరు.

తెచ్చుటకు మరణధ్రువపత్రము, దహనధ్రువపత్రము, భారత రాయబార కార్యాలయము గాని కాన్సులేటు గాని ఇచ్చు పత్రము కావలెను. మృతుని పాస్‌పోర్టు అచ్చట రద్దు చేయింపవలెను. అమెరికా విమానాశ్రయములలో తనిఖీవారు పాత్రను తెరువరు. ఎక్స్‌రే కిరణము చొచ్చుకొని పోగల కొయ్య పెట్టె గాని మందపు కాగితపు పెట్టె గాని అయినచో చిక్కులేదు, దళసరి లోహపు పాత్రయైనచో లోనికి పోనీయరు. సామానులో వేయక చేతి సంచిలో ఉంచుకొనుట గౌరవము. దారిలో హోటలు గదులలో దిగునప్పుడు నేలపై పెట్టక శుచియైన పీఠముపై ఉంచవలెను. ఇంటిలో తిరువారాధన గదికి దూరముగా, వీలైనచో ఇంటి వెలుపల, నిలుపవలెను. పూర్వము చెట్టుకొమ్మకు కట్టుచుండిరి. అంతస్తుల ఇండ్లలో అది కుదరదు గనుక నిమజ్జనము వరకు దహనశాలవారి యొద్దనే ఉంచుట ఉత్తమము. వచ్చినపని ముగియక ముందే అస్థులతో క్షేత్రదర్శనము చేయబోవుట తగదు.

మన నదులలో రాజమహేంద్రవరము కడ గోదావరి యున్నది. సాగరసంగమము కోరువారికి అంతర్వేదిలో లక్ష్మీనృసింహుని సన్నిధిని గోదావరీ సంగమము, హంసలదీవిలో వేణుగోపాలుని సన్నిధిని కృష్ణాసంగమము కలవు. రాలేనివారి కొరకు 2021లో భారత తపాలాశాఖ కాశీ, ప్రయాగ, హరిద్వారము, గయలకు అస్థులను స్పీడ్‌పోస్టున చేర్చి ఒక సంస్థ ద్వారా కర్మ జరిపించు ఏర్పాటును ప్రకటించినది. అది అశక్తులకు. శక్తి గల కుమారుడు తపాలాకు అప్పగించి చేతులు కడుగుకొనుట ఉచితము కాదు.

ఎంత ఆలస్యమైనను తేవలెనను పట్టుదలకు ఒక ఉదాహరణము. శ్యామజీ కృష్ణవర్మ గుజరాతుదేశపు మాండవిలో 1857లో జన్మించిన సంస్కృత పండితుడు. ఆక్స్‌ఫర్డున మోనియర్ విలియమ్స్‌కు సహాయకుడుగా పనిచేసెను. పిమ్మట స్వాతంత్ర్యమునకై పాటుపడి ప్రవాసియై 1930లో జెనీవాలో మరణించెను. దేశము స్వతంత్రమైన పిదప తన అస్థులు అచ్చటికి చేరవలెనని కోరి, వానిని నూరేండ్లు భద్రపరచుటకు శ్మశానమువారికి ముందుగనే ధనము చెల్లించెను. ఆయన అస్థులును, ధర్మపత్ని భానుమతి అస్థులును 2003 ఆగస్టులో స్వదేశమునకు వచ్చి, మాండవిలోని స్మారకమున నిలుపబడినవి. డెబ్బదిమూడేండ్లు! స్వదేశము చేరవలెనన్న కోరికను సిద్ధాంతముతో చులకన చేయువారు ఈ పండితుని తలంచుకొందురు గాక.

ఇటీవల మరియొక వాడుక బయలుదేరినది. తండ్రి చూడగోరిన జలపాతమని, తల్లికి ప్రియమైన హిమపర్వతమని, విహారయాత్రలకు పోవునప్పుడు చిటికెడు భస్మము తీసికొనిపోయి అచ్చట చల్లి, ఛాయాచిత్రములు తీయించుకొనుట. ప్రేమ కలిగియే చేయుదురు గనుక కఠినముగా మాటాడరాదు. ఐనను అస్థి మంత్రసంస్కృతమైన వస్తువు. జనుల పాదములు త్రొక్కు బాటలందు, క్రీడాస్థలములందు దానిని చల్లుట అపచారమే. ఆ జలపాతము చూడగోరిన తండ్రి పేరున అచ్చట స్నానము చేసి తర్పణము విడిచినచో కోరికయు తీరును, మర్యాదయు నిలుచును.

కుమారులు లేని గృహములలో కుమార్తె నిమజ్జనము చేయవచ్చునా యని అడుగుదురు. దౌహిత్రుడున్నచో అతనిచే చేయింపవచ్చును. లేనిచో ఆమెయే దర్భ చేతనుంచుకొని తండ్రి అస్థులను నీటికి అప్పగించుటను అడ్డుట ధర్మము కాదు. వివరములందు స్వసూత్రమును, స్వాచార్యుని ఆజ్ఞయును అనుసరింపవలెను.

గయలోను హరిద్వారమునను తరతరముల వంశావళులు వ్రాసియుంచు పండాలున్నారు. తాతతండ్రులెవరు, ఎప్పుడు వచ్చిరి, ఎవరికి పిండము పెట్టిరి అని అడిగినచో బహీలు తెరచి చూపుదురు. సోర్ నది ఒడ్డునను, అట్లాంటిక్ సముద్రముపైనను అట్టివారు లేరు. కావున కర్తయే ఇంటిలో ఒక పుస్తకము పెట్టి, మృతుని పేరు, గోత్రము, తిథి, నక్షత్రము, నిమజ్జనము జరిగిన నది పేరు, రేవు పేరు, ఆంగ్లతేదీ, చేసినవారి పేర్లు తెలుగులో వ్రాసి, ఒక ప్రతిని స్వగ్రామమందలి జ్ఞాతుల ఇంటికిని పంపవలెను.